గుండ్లరేవులో బోరుబావి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వనపర్తిలో ఎవరినడిగినా చెబుతారు, జగదీశ్ మంచోడే కానీ నోరే మంచిది కాదని. ఆ నోటి వల్ల ఎంతమందితో చెడిందో గుర్తు పెట్టుకోవడం మానేశాను. ఒక్క సంగతి మాత్రం మరుపుకు రావడం లేదు. అది లక్ష్మీదేవమ్మ మేడం సంగతి.

ఆమె నా దగ్గర పనిచేసేది. అయినా నేనే ఆమెను మేడం అనేవాణ్ణి, ఆమె నన్ను రా అనేది. ఇంటర్ రోజుల్లో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్షకు టైపు నేర్చుకున్నాను మరి. కళ్లు కీబోర్డు మీదికి పోయాయా, స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. తర్వాత కంప్యూటర్లొచ్చి టైపు మిషన్లకు దుమ్ము పట్టింది. 2006లో నేను పాత బస్టాండు దగ్గర జిరాక్సు షాపు మీది గదిలో 'మన ఇలాఖా' అని ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ప్రకటనలన్నీ ఒక్క చోట దొరకాలని నా ఆశ. ఇంటర్నెట్‌లో గొర్రెలమ్ముతాడట అని జనం నవ్వారు. మేడం నవ్వలేదు.

"తెలుగు టైపు సక్కగ కొట్టెటోళ్లు ఎవరున్నర్రా నీకు?" అని అడిగింది. మర్నాడు పది గంటలకు టిఫిన్ డబ్బాతో వచ్చి కూర్చుంది.

పని కష్టమేం కాదు, ఓపిక కావాలి. ఎవరైనా ప్రకటన తెస్తే సైటు లోపలి ప్యానెల్ తెరిచి, అక్షరాలు కొట్టి, ఫొటో ఎక్కించి, అది పేజీలో ఎక్కడ కనబడాలో, ఏ తారీఖు దాకా ఉండాలో పెట్టాలి. చివర ట్యాగులు తగిలించాలి. ట్యాగంటే చిన్న చీటీ లాంటిది. 'ట్రాక్టరు' అని ఒకటి, 'ధరూర్' అని ఒకటి తగిలిస్తే, చూసేవాళ్లు ధరూర్ అన్న పేరు నొక్కగానే ఆ ఊరి ప్రకటనలన్నీ ఒక పేజీలో వస్తాయి. పైన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఊళ్ల చీటీలన్నీ మేడమే తయారు చేసింది. అయిజ, అమ్రాబాద్, కొల్లాపూర్, ఇంకా నాకు తెలియని పల్లెలెన్నో.

ఆరు నెలల తర్వాత ఒకసారి ఆ జాబితా చూస్తుంటే గుండ్లరేవు అన్న పేరు కనబడింది. ఎన్నడూ వినలేదు.

"ఇదేడుంటది మేడం?"

"నీళ్ల కింద ఉంటదిరా. మా ఊరే," అంది, టైపు ఆపకుండా.

శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్నినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. అప్పటికి మేడంకు పదహారేళ్లు. వాళ్లది రైతు కుటుంబం. పరిహారం వచ్చింది, వనపర్తిలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఊళ్లోనే సాయమ్మ అని ఒక పిల్ల ఉండేది. కూలి కుటుంబం. మేడం వాళ్ల ఇంట్లోకి సాయమ్మ రాకూడదు, సాయమ్మ వాళ్ల గుడిసెకు మేడం పోకూడదు. పెద్దల పట్టింపులు. ఏట్లో మాత్రం ఎవరు ఆపుతారు? బట్టలుతకడానికని పోయి ఇద్దరూ పొద్దంతా కృష్ణలోనే ఉండేవాళ్లు. సాయమ్మ చేప. మేడంకు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పేది. బుర్ర విప్పితే చాలు, మేడం బుడుంగున మునిగేది. "నీకు ఈ జన్మల ఈత రాదే లచ్చిందేవీ" అని నెత్తిన మొట్టి, జుట్టు పట్టి లేపేదట.

ఊరు ఖాళీ చేసే రోజుల్లో మేడంను పది రోజులు గద్వాలలో మేనత్త ఇంట్లో ఉంచారు. తిరిగొచ్చేసరికి ఇళ్లకు తలుపుల్లేవు, దూలాల్లేవు, అన్నీ పీక్కుపోతున్నారు. సాయమ్మ గుడిసె ఉన్న చోట మూడు పొయ్యి రాళ్లున్నాయి. ఎవరో మేస్త్రీ వెంట పనికి పోయారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. వాళ్లకు భూమి లేదు కనుక ఏ కాగితంలోనూ పేరు లేదు.

"పోయొస్త అని కూడా చెప్పుకోలేదురా జగదీశూ. ఇరవై ఆరేండ్లాయె. దాని మీద నాకెంత పాణమో దానికి చెప్పనే లేదు. బతికుంటే చాలు, ఒక్కసారి గొంతు వినాలె. అది చదువుకోలె, దాని పిల్లలైన చదువుకోని ఉంటరు. ఏదో ఒకనాడు అమ్మ ఊరేంది అని పేరు కొట్టి చూడరా? చూస్తే ఒక్కటన్న దొరకాలె గద."

నిజానికి ఎక్కడ వెతికినా ఆ పేరుతో మా పేజీ ఒక్కటే వచ్చేది. నాకు నవ్వొచ్చింది. కానీ ఆమె మొహం చూసి నవ్వలేకపోయాను.

ఇక్కడ ఒక చిక్కుంది. ట్యాగు కింద ఒక్క ప్రకటన అయినా ఉంటేనే ఆ పేజీ కనబడుతుంది. సైటు మెల్లగా నడుస్తోందని, ప్రతి నెలా మొదటి తారీఖున ఖాళీ ట్యాగులన్నీ తీసేయాలని రూలు పెట్టింది నేనే. మునిగిన ఊళ్లో ఎవరు ఏం అమ్ముతారు? అందుకని మేడం ఒక ఉపాయం చేసింది. అయిజ అనంతయ్యది బోర్‌వెల్ ప్రకటన ఏడాది పొడుగునా ఉండేది, బోరు వేసే రిగ్గు బండి ఫొటోతో, ఫోన్ నంబరుతో. బోర్లు అన్ని ఊళ్లలోనూ వేస్తాడు కనుక దానికి అన్ని ఊళ్ల చీటీలూ తగిలించేవాళ్లం. ఆ వరసలో గుండ్లరేవు చీటీ కూడా తగిలించింది. అట్లా ఆ ఊరి పేరు, కింద అనంతయ్య రిగ్గు, ఏడాదికి పైగా నిలబడ్డాయి.

2008 మార్చిలో ఒక రోజు అనంతయ్య మెట్లు దడదడలాడించుకుంటూ ఎక్కి వచ్చాడు. మేడం ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో చుట్టాల పెళ్లికి పోయింది.

"ఏమయ్యా జగదీశూ, నాతోని పరాష్కాలా?" అన్నాడు కూర్చోకుండానే. "నా బోరు గుండ్లరేవుల పెట్టినవంట! ఎవడన్న చూస్తే ఏమనుకుంటడు? నేను పోయి కృష్ణ నడిమిట్ల బోరెయ్యాల్నా? మా బామ్మర్ది చూసి పడి పడి నవ్విండు. గది చాలదన్నట్టు మొన్న ఎవరిదో పిల్ల షోలాపూర్ నుంచి ఫోన్ చేస్తది. అన్నా, మీది గుండ్లరేవేనా, మీకు ఫలానోళ్లు తెలుసునా అని. నేను ధరూర్ల బోరు మీద ఉన్న, రాయి తగిలి పరేషాన్ల ఉన్న. ఆ ఊరు మునిగి ఎన్నేండ్లాయె, నీకేం పని లేదా అని తిట్టి పెట్టేసిన."

ఈ మాటలన్నీ విన్నాను. షోలాపూర్ అన్నది విన్నాను, గుండ్లరేవేనా అని అడిగిందన్నది విన్నాను. విని కూడా నా బుర్రకు ఎక్కలేదు. నాకు అప్పటికే మండిపోతోంది. ఉన్నదే పదిమంది ప్రకటనదారులు, వాళ్లలో ఒకడు పోతాడేమో అన్న భయం, మేడం మతిలేని పని వల్ల మాట పడాల్సి వచ్చిందన్న కోపం. "ఇగో చూడు అనంతన్నా" అని అతని ఎదురుగానే ప్యానెల్ తెరిచి గుండ్లరేవును మొత్తానికే తీసిపారేశాను. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది. అవునని నొక్కాను.

రెండో రోజు మేడం వచ్చి జాబితా చూసుకుంది.

"తీసేసినవా రా?"

"రూలు రూలే మేడం. అనంతయ్య వచ్చి లొల్లి చేసిండు. మీ ఒక్కరి కోసం సైటు నడుపుతున్నమా?"

ఆ మాట అని ఉండకూడదు. ఆమె టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని వేరుశనగ విత్తనాల ప్రకటన కొట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎనిమిది నెలలూ పనిలో ఒక్క తప్పు లేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఏటి కబుర్లు చెప్పేది కదా, అవి మాత్రం ఆగిపోయాయి. ఆగిపోయాయని నేను గమనించను కూడా లేదు.

నవంబరులో అనంతయ్య కొత్త రిగ్గు ఫొటో తెచ్చాడు. కొత్త రిగ్గు కదా, ఆ రోజు మనిషి హుషారుగా ఉన్నాడు. కరెంటు లేదు, ముగ్గురం చాయ్ తాగుతున్నాం. ఏదో మాట మీద పాత ముచ్చట తీశాడు.

"ఈసారన్న నన్ను నీళ్లల్ల ముంచకు మేడం," అని నవ్వాడు. "అప్పుడు షోలాపూర్ పిల్ల ఒకటి నా పాణం తినె, అన్నా మీది గుండ్లరేవేనా అనుకుంట."

మేడం చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. లేచి నిలబడింది.

"ఎవరా పిల్ల? ఏమడిగింది? పేరు చెప్పిందా?"

"ఏమో మేడం... లచ్చిందేవి అనే ఆమె తెలుసునా అని ఏందో అడిగినట్టుండె. రిగ్గు మోతల సరిగ్గ ఇనలె."

లచ్చిందేవి అని ఆమెను ఈ లోకంలో పిలిచేది ఒక్కతే. అనంతయ్యకు అది తెలియదు. నాకు తెలుసు. మేడం నా వంక చూసింది, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నేనే ఏడ్చేశాను, సిగ్గు లేకుండా, అనంతయ్య ముందే. విషయం మొత్తం విన్నాక అనంతయ్య ఫోన్ తీసి వెనక్కి వెతికాడు. ఎనిమిది నెలల నాటి నంబరు ఆ చిన్న ఫోన్‌లో ఎందుకుంటుంది?

"నా బోరు మళ్ల ఆ ఊర్లనే పెట్టుండ్రి," అన్నాడు చివరికి. "ఎవడు నవ్వితే నాకేంది. ఏ టైమున ఫోనొచ్చినా నేనెత్తుత."

కరెంటు రాగానే మేడం గుండ్లరేవు చీటీ మళ్లీ తయారు చేసింది. రిగ్గు కింద ఒక వాక్యం కొట్టింది: 'గుండ్లరేవు వాళ్లు ఈ నంబరుకే ఫోన్ చేయండి. ఈసారి తిట్టరు.' ఏ పేజీని ఎంతమంది, ఏ ఊరి నుంచి చూశారో చూపించే లెక్కను నేను సైటుకు కలిపాను. మేడం రోజూ పొద్దున రాగానే మొదట అదే చూసేది. తీసేసిన పేజీ వెతికితే మళ్లీ దొరకడానికి వారాలు పడుతుందని చెప్పాను. సున్నా, సున్నా, సున్నా. డిసెంబరులో ఒక సోమవారం ఒకటి కనబడింది. పక్కన షోలాపూర్ అని ఉంది. ఆ రోజు ఆమె టిఫిన్ డబ్బా తెరవనే లేదు.

నాలుగో రోజున అనంతయ్య వచ్చాడు. ఒంటి నిండా తెల్లటి రాతి పొడి. బోరు నడుస్తుండగా రిగ్గు ఆపించి మాట్లాడాడట. చేతి మీద పెన్నుతో నంబరు రాసుకుని అట్లాగే బండి మీద వచ్చేశాడు. మేడం ఆ చెయ్యి పట్టుకునే నంబరు నొక్కింది. ఫోన్ స్పీకరులో పెట్టాను.

అవతల గొంతు చిన్నది. పేరు రేఖ అంది. షోలాపూర్‌లో తెలుగు బడిలో చదువుకుంది, ఇప్పుడు ఒక నెట్ సెంటర్‌లో పని.

"నేను లచ్చిందేవిని బిడ్డా. అమ్మకియ్యి ఫోను," అంది మేడం.

"అమ్మ పోయిన శ్రావణంల పోయింది పెద్దమ్మా."

మేడం కుర్చీలో కూర్చుంది. ఫోన్ వదల్లేదు. రేఖే చెప్పింది. బీడీలు చుట్టీ చుట్టీ అమ్మకు ఊపిరి సరిపోయేది కాదట. ప్రతి ఆదివారం నెట్ సెంటర్‌కు వచ్చి కూతురి పక్కన కూర్చునేదట. చదువు రాదు. తెర మీద గుండ్లరేవు అన్న అక్షరాల మీద వేలు పెట్టి, "గిదేనా మా ఊరు" అని ప్రతిసారీ అడిగేదట. ఫోన్ చేస్తే ఎవరో తిట్టారు. తర్వాతి వారం చూస్తే పేజీయే లేదు.

"అమ్మ ఆ కంప్యూటర్ దిక్కే చూసి, మళ్ల మునిగిందా బిడ్డా అన్నది. గంతే. ఇంక రాలే సెంటర్‌కు. అమ్మ లేకున్నా నేనే అలవాటు కొద్ది ఆదివారం పేరు కొట్టి చూస్త. మొన్న వచ్చింది."

రెండోసారి ముంచింది నేను. డ్యాం కాదు, ప్రభుత్వం కాదు.

"నా గురించి ఏమన్న అనేదా బిడ్డా?" అని అడిగింది మేడం.

"ఎప్పుడూ అదే అనేది పెద్దమ్మా. లచ్చిందేవికి ఈత సక్కగ రాకపాయె, నీళ్లు అంతెత్తున వచ్చినయంట, అది ఏమైందో అని. వానొచ్చినప్పుడల్ల అనేది."

మేడం చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అనంతయ్య తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏం కాలేదు బిడ్డా," అంది మేడం చివరికి. "నీళ్లు రాకముందే మమ్ముల లారీల ఎక్కిచ్చిండ్రు. అది ఇన్నేండ్లు ఊకెనే రంధి పెట్టుకున్నది. ఒక్కసారి చెప్పుకుంటే అయిపోతుండె."

ఇప్పుడు ప్రతి ఆదివారం రేఖ ఫోన్ చేస్తుంది. అమ్మ చిన్నప్పుడు ఎట్లుండేదో చెప్పమంటుంది. మేడం సొరకాయ బుర్ర దగ్గర మొదలుపెడుతుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర ఏటి కబుర్లు నాకూ మళ్లీ మొదలయ్యాయి, అడగకుండానే.

ఖాళీ ట్యాగుల రూలు తీసేశాను. నెల మొదటి తారీఖున లెక్క మాత్రం చూస్తాను. గుండ్లరేవు పేజీలో అనంతయ్య రిగ్గు అట్లాగే ఉంది. ఎప్పుడూ చూసేవాళ్లు ఇద్దరే, ఒకరు షోలాపూర్‌లో, ఒకరు ఇక్కడ మేడం. ఈ నెల ముగ్గురని చూపించింది. ఎవరా అని మేడం ఆశగా నన్ను పిలిచి అడిగింది. "నేనే, మేడం," అన్నాను.