సీతాఫలాలు కోయించిన స్క్రిప్టు

ఆమధ్య నేను సాలూరు సెంటర్‌లో నిలబడి సీతాఫలాలు అమ్మాను. నవ్వకండి! అదీ డిపార్ట్‌మెంటు జీపు పెట్టుకుని, మెడలో ఐడెంటిటీ కార్డు వేలాడుతుండగా. ఇదంతా కంప్యూటర్‌కి పని నేర్పబోయి తెచ్చుకున్న తంటా. టీ తాగుతూ వినండి, చెప్తాను.

మా టెలిఫోన్ ఎక్స్చేంజి సాలూరు ఘాటు పైన, కొండల్లో ఓ చిన్న సంత ఊళ్ళో ఉంది. ఒక గది, అందులో గోడంత మిషను, దానికి తగిలించిన పాత కంప్యూటరు, నేను. బయట జీపూ, డ్రైవరు అప్పలనాయుడూ. చుట్టూ ఉన్న కొండ ఊళ్ళకి ఊరికొక్క ఫోను. ఆ ఫోన్లు బతికున్నాయో లేదో రోజూ పొద్దున్నే చూడడం నా డ్యూటీ. నల్లటి స్క్రీన్ మీద మిషన్లోకి లాగిన్ అవ్వాలి, ఒక ఫోను నంబరు కొట్టి టెస్ట్ కమాండ్ ఇవ్వాలి. అది స్క్రీన్ నిండా ఏదేదో కక్కుతుంది. అందులో మనకి కావలసిన ముక్క ఏరుకుని, మళ్ళీ ఇంకో నంబరు కొట్టాలి. చేసి చేసి నాకు విసుగెత్తిపోయింది.

అప్పుడు వైజాగ్‌లో పనిచేసే ఫ్రెండొకడు ఫోన్లో అన్నాడు. "ఒరే, ఆ టెర్మినల్ ప్రోగ్రామ్‌లోనే స్క్రిప్ట్ రాసుకోవచ్చురా! 'లాగిన్ అని కనిపించేదాకా ఆగు, కనిపిస్తే ఇది టైప్ చెయ్యి, జవాబులో ఫలానా మాట పట్టుకుని ఫైల్లో పడెయ్యి' అని రాస్తే చాలు. నువ్వు పడుకో, అది చూసుకుంటుంది."

'నువ్వు పడుకో' అన్న మాట నాకు బాగా నచ్చింది.

కూర్చుని రాశాను. మొదట్లో నానా తిప్పలు పెట్టింది. మిషను జవాబు చెప్పకముందే నా స్క్రిప్టు తర్వాతి కమాండ్ పంపేసేది. రెండూ ఒకేసారి మాట్లాడితే స్క్రీన్ మీద కలగాపులగం. పెళ్ళి పందిట్లో ఇద్దరు మేనత్తలు మాట్లాడుకుంటున్నట్టే! ఎలాగో దారికి తెచ్చాను.

ఇక్కడే నా తెలివి చూపించాను. టెస్టుల్లో రెండు రకాలున్నాయి. రోజూ చేసే చిన్న టెస్టు జవాబంతా అంకెల్లో చెప్తుంది. వాటిని చూసి లైన్ బాగుందో లేదో మనమే తేల్చుకోవాలి. అది స్క్రిప్టుకి నేర్పడం పెద్ద తలనొప్పి. రెండోది ఫుల్ టెస్ట్. ఎవరైనా కంప్లైంట్ ఇస్తేనే ఆ ఒక్క ఫోనుకీ పెడతాం. అది నాలుగైదు లైన్లు ఏదో వాగి, చివర్న 'ఓకే' అనో 'ఫెయిల్' అనో ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఏరుకోడానికి ఎంత సుఖం! అన్ని ఊళ్ళకీ ఫుల్ టెస్టే పెట్టాను. చివరి ముక్క ఫైల్లోకి, మధ్యలో వాగుడంతా చెత్తలోకి. తెల్లవారుజామున దానంతటదే మొదలయ్యేలా టైమరు కూడా పెట్టి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

మర్నాడు ఆఫీసుకొచ్చి ఫైల్ తెరిస్తే ఏముంది, వరసగా ఓకే, ఓకే, ఓకే! అప్పలనాయుడిని పిలిచి చూపించాను.

"ఏటి సార్ ఇది?"

"కొండ మీదున్న ఫోన్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని కంప్యూటర్ చెప్తోంది. నేను నిద్రపోతుంటే అదే చూసేసింది."

"అలాగైతే ఇంక మీరెందుకు సార్?" అన్నాడు. అప్పుడది పొగడ్తే అనుకున్నాను.

ఆ హుషారులో, పై ఊరికి కొత్త బ్యాటరీ ఇచ్చొద్దామని జీపులో బయల్దేరాం. నేరేడుగూడ మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కన ఊరంతా కూర్చుని ఉంది. గంపలు, గంపలు, గంపలు. అన్నీ సీతాఫలాలు! జీపు చూడగానే అందరూ లేచారు. మమ్మల్ని చూసి మళ్ళీ కూర్చున్నారు.

సుక్రి అని, ఆ ఊరి ఫోను ఉండేది ఆవిడ ఇంట్లోనే. దగ్గరికొచ్చింది.

"ఫోనుబాబూ, దారిలో సావుకారు జీపు అగుపించిందేటి?"

"లేదే! ఇవాళ వస్తానన్నాడా?"

"రింగిచ్చినాడు కదా! కోడి కూయకముందే ట్రింగుమని కొట్టి ఆపీసినాడు. అందరం బేగి లేసి కోసీసి తెచ్చీసినాం. ఎండెక్కిపోతంది, ఇంకా రానేదు."

సంగతేమిటని అడిగితే చెప్పింది. సీతాఫలం కోస్తే రెండ్రోజులకి మెత్తబడిపోతుంది. అందుకని వీళ్ళు ముందు కోయరు. సాలూరులో ఈ పళ్ళు కొనే సావుకారు తన జీపు బయల్దేరదీసేటప్పుడు సుక్రి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఆయనకి బిల్లు పడుతుంది. ట్రింగుమని ఆగిపోయిందంటే జీపు వస్తున్నట్టు. సుక్రి గుమ్మంలోంచి కేకేస్తుంది, ఊరంతా చెట్లెక్కుతుంది. ఎన్నో సీజన్ల నుంచీ ఇంతే. ఆ ఫోన్లో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఊరి పంటంతా అమ్ముకుంటున్నారు. లైన్ టెస్ట్ చేసే నాకు ఇది తెలీదు.

"సావుకారికి ఫోన్ చేసి అడగలేకపోయారా?"

"సేసినాం. నానివ్వనేదు, ఆదోరం వత్తాను అన్నాడు. మరి ఎవులిచ్చినారో!"

అప్పుడు నాకు నా స్క్రిప్టు గుర్తొచ్చింది. ఫుల్ టెస్ట్ మధ్యలో కక్కే ఆ నాలుగైదు లైన్లు గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాను. లైన్ వోల్టేజి... ఆ తర్వాత... 'రింగ్ పంపబడుతోంది'. చచ్చాంరా దేవుడా! ఫుల్ టెస్ట్ అంటే ఫోను నిజంగా మోగించి చూస్తుంది! ఎవరైనా ఎత్తేలోపు ఆపేస్తుంది. ఆ లైన్ని నేనే కదా చెత్తలో పడేశాను!

సుక్రి ఒక కాయని బొటనవేలితో నొక్కి చూసుకుంటోంది. "ఈ పళ్ళు పోతే నా కూతురు గుంటకి హాస్టల్లో దుప్పటి నేదు బాబూ. సలికి మునగదీసుకుని తొంగుంటంది" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నాదని ఆవిడకి తెలీదుగా! నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. స్క్రీన్ మీద చెత్త అనుకుని ఏరిపారేసిన ఒక్క లైను ఇక్కడ ఇన్ని గంపలై కూర్చుంది.

"రింగిచ్చింది నేనే" అన్నాను. "అంటే నేను కాదు, మా మిషను. అంటే దానికి చెప్పింది నేనే."

అందరూ నావైపు చూశారు. ఒక ముసలాయన నెమ్మదిగా అడిగాడు. "అయితే నీ జీపు ఏదీ?"

ఏముంది, నా వెనకే ఉంది! బ్యాటరీ దింపి రోడ్డు పక్క ఇంట్లో పెట్టి, గంపలెక్కించాం. సుక్రీ ఇంకో ఇద్దరూ ఎక్కారు. అప్పలనాయుడు ఒళ్ళో ఒక గంప, నా ఒళ్ళో ఒక గంప. ఘాటు దిగుతున్నంతసేపూ చీమలు నా చొక్కాలో షికారు చేశాయి.

సాలూరులో మాకు సరిగ్గా అమ్మడం వచ్చి చస్తేగా! నేను "సీతాఫలాలండీ" అని మెల్లగా అంటుంటే, సుక్రి నన్ను పక్కకి జరిపి కొండ అదిరేలా కేకేసింది. జనం మూగారు. అందులో ఒకాయన నా మెడలో కార్డు చూసి ఫోన్ల డిపార్ట్‌మెంటు వాడినని గుర్తుపట్టాడు.

"ఏంటి సార్, నా ఫోను చచ్చి వారమైంది. మీరిక్కడ పళ్ళమ్ముతున్నారా?"

"లైన్ టెస్టింగ్‌లో భాగమేనండి" అన్నాను. అబద్ధం కూడా కాదు.

పొద్దు వాలేసరికి గంపలన్నీ ఖాళీ. సుక్రి ఎర్రగళ్ళ దుప్పటి ఒకటి కొనుక్కుని, జీపులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా గుండె కుదుటపడింది. ఆ రాత్రే ఆఫీసుకెళ్ళి స్క్రిప్టులో ఫుల్ టెస్ట్ తీసేసి, తలనొప్పైనా సరే అంకెల టెస్టు పెట్టాను. ఇంక నా రింగు రాదని మర్నాడు సుక్రికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

కథ అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. ఆదివారం సావుకారు దగ్గర్నుంచి ఫోను. మండిపడుతున్నాడు.

"ఏంటి సార్ ఇది? రింగిచ్చి జీపు పంపాను. ఒక్కరూ రోడ్డు మీదికి దిగలేదు! చెట్టు మీద కాయ చెట్టు మీదే ఉందట!"

వెంటనే సుక్రికి చేశాను. "అదేంటమ్మా, రింగు రాలేదా?"

"వచ్చినాది. నువ్వు కొట్టినావేమోనని ఊరుకున్నాం."

"నేను కొట్టనని చెప్పాను కదా!"

"సెప్పినావు. మొన్న కొట్టినప్పుడు మాత్రం నీకు తెలుసునేటి బాబూ?"

నిజమే కదా. ఏ మాటా లేకుండా, ఉత్త నమ్మకం మీద ఇన్నాళ్ళూ నడిచిన రింగు అది. నేను ఒక్క తెల్లవారుజామున దాన్ని పాడుచేశాను. లైన్ తెగితే అతికిస్తాను గానీ, దీన్ని అతికించే పనిముట్టు మా స్టోర్లో లేదు.

అందుకని ఇప్పుడు కొత్త ఏర్పాటు. రింగొస్తే సుక్రి నాకు ఫోన్ చేస్తుంది. "ఇప్పుడు కొట్టింది నువ్వా, సావుకారా?" నేను ఆగమని, సాలూరుకి చేస్తాను. సావుకారు ఎత్తేదాకా కాచుకుని కూర్చుంటాను. ఆయన ఎత్తి డీజిలు గురించి, ఘాటు రోడ్డు గురించి, వాళ్ళ బావమరిది గురించి ఏకరువు పెడతాడు. అదంతా వదిలేసి 'ఔను' అన్న ఒక్క ముక్క ఏరుకుని సుక్రికి చెప్తాను. అప్పుడు ఊరు చెట్లెక్కుతుంది.

మొన్న మా ఆఫీసరు గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి, "ఏదో స్క్రిప్టు రాశావట, ఎలా పనిచేస్తోందయ్యా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అప్పలనాయుడు అందుకున్నాడు.

"బాగానే పని సేత్తంది సార్" అని నన్ను చూపించాడు.