సైదమ్మ చల్లిన పొట్టు

పొద్దున బీటలు వారిన మడిలోకి కాలువ నీళ్లు మళ్లుతుంటే మట్టి వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు సైదమ్మ గుర్తొస్తుంది. మిర్యాలగూడ దగ్గర, కాలువ చివర మా పొలాలు. నీళ్లు వంతుల ప్రకారం వస్తాయి. ఆ వంతులు చూసే పెద్దమనిషిగా పేరు సైదమ్మ భర్తది; పార పట్టి నీళ్లు మళ్లించేది ఆమె. ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేను అంటున్నాను.

ఒక యాసంగిలో నా వరి పాలు పోసుకుంటోంది. అప్పుడు తడి లేకపోతే గింజంతా తాలే. నిండా నీళ్లు పెట్టిన మడి తెల్లారేసరికి సగానికి దిగింది. పక్క పొలం యాదయ్య గండి కొట్టి గుంజుకున్నాడని ఒడ్డు మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నా అరుపులకు సైదమ్మ వచ్చింది.

"లొల్లి ఆపవే. నీళ్లు ఎటు పోతున్నయో సూసినవా?"

"సూసుడేంది అక్కా, దొంగ పక్క పొలంలనే ఉండె!"

"జర ఆగు."

నీళ్లు చూడబోయేటప్పుడల్లా కొంగున కట్టుకునే వడ్లపొట్టు తీసి, ఒడ్డు వెంట నీళ్ల మీద చల్లుకుంటూ నడిచింది. నేనూ వంగి చూశాను. పొట్టు ముందు కదల్లేదు. తర్వాత ఎవరో పిలిచినట్టు మెల్లగా జరిగి, యాదయ్య వైపు కాదు, వాగు వైపు ఒడ్డు దగ్గర గుమిగూడి తిరగసాగింది. అక్కడ చెయ్యి పెడితే మోచేయి దాకా దిగింది. ఎండ్రికాయ బొరియ.

"ఒడ్డు గింత పలసగ ఎందుకున్నదే?"

ప్రతి పంటకూ దాన్ని పారతో చెక్కి, రెండు సాళ్లు ఎక్కువ నాటింది నేనే. ఆ మాటే చెప్పాను.

"రెండు సాళ్లకు మడంత ఎండబెడ్తవా? నీ ఇష్టం" అని పక్కన కూర్చుంది.

ఆ రెండు సాళ్లూ పీకాను. గింజ నలిగితే తెల్లటి పాలు వేళ్లకంటుకున్నాయి. ఏడుపొచ్చింది. ఇద్దరం బొరియ పూడ్చి, మట్టి తొక్కి ఒడ్డు లావు చేశాం. కానీ మడిలో నీళ్లు లేవు, ఆ రోజు వంతు యాదయ్యది.

"నువ్వడుగు అక్కా."

"తిట్టింది నేనా?"

వెళ్లాను. "నువ్వు గుంజలే బావా, నా ఒడ్డే కారింది" అన్నాను. యాదయ్య తన మడిలోకి పారే నీళ్లకు మట్టి అడ్డం వేశాడు. "పొద్దుగూకేదాక పెట్టుకో. నీ తిట్లు మా ఇంటిదాక ఇనవడ్డయ్" అన్నాడు.

ఆ ఉపాయం ఎవరు నేర్పారని సైదమ్మను అడిగాను. "మా అత్త. ఆమెకెవరు సెప్పిండ్రో నేనడగలే. పైకి పోయినంక అడుగుత తియ్" అంది. అడిగే ఉంటుంది ఈపాటికి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. దొరికిందల్లా చదివాను, ఈ సంగతి ఎక్కడా కనబడలేదు. అందుకే రాశాను.

మా మడిలో ఇప్పటికీ రెండు సాళ్లు తక్కువే. నాట్లకొచ్చే ఆడవాళ్లు ఆ ఒడ్డు మీద ఇద్దరిద్దరు పక్కపక్కన నడుస్తారు.