తిరగేసిన ఫోటో

గత వారం ఒక పాత సామాన్ల దుకాణంలో ప్రపంచపు గొప్ప రాక్ గిటారిస్టుల పోస్టరు కనిపించింది. చూడగానే ఒళ్లు మండింది.

నా పదో ఏట, బందరులో గిటారు నేర్పే మాస్టారి గదిలో అదే పోస్టరు ఉండేది. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. బొమ్మలో ఒకాయన కూడా ఎడమచేత్తోనే తీగలు మీటుతున్నాడు.

"మాస్టారండీ, ఆయనా నాలాగేనండీ!" అన్నాను.

"ఫోటో తిరగేసి అచ్చేశారమ్మా. అంతటివాడు సరస్వతిని ఎడంచేత్తో ముట్టుకుంటాడా? అన్నం కూడా ఆ చేత్తోనే తింటున్నావా ఏంటి?" అన్నారాయన. పిల్లలందరూ నవ్వారు.

ఇంటికి వెళ్లి షటిల్ బ్యాటును గిటారులా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలోని పిల్ల కుడిచేత్తో మీటుతోంది. తిరగేస్తే చెయ్యి మారిపోతుందన్నమాట, మాస్టారి మాట రుజువైందని నమ్మాను.

మూడు నెలలు కుడిచేత్తో సాధన చేశాను. ఆ చెయ్యి ఎప్పుడూ తాళానికి ఒక దెబ్బ వెనకే ఉండేది. చివరకు ఆయన నాన్నగారిని పిలిచి, "అమ్మాయికి లయ లేదండీ, ఊరికే తిప్పకండి" అన్నారు. నాన్నగారు ఆ రోజే మాన్పించారు.

దుకాణంలో కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఆ గిటారిస్టు వెనకనున్న స్పీకరు మీది ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. ఫోటో తిరగేసి ఉంటే అవీ తిరగబడాలి. పదేళ్ల పిల్ల కూడా చదవగలిగినంత పెద్ద అక్షరాలు. మాస్టారు అబద్ధమాడారో, చూడకుండానే అన్నారో నాకు తెలియదు. రెండింటికీ నా కోపం ఒకటే.

అంతకన్నా పెద్ద కోపం నా మీద. కోర్టులో సాక్షుల ప్రతి మాటనూ పరీక్షించడమే వృత్తిగా బతికిన నేను, లయ లేదన్న ఆ మాటను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎడమచేత్తో పరీక్షించలేదు.