అంచు అరగని కప్పు

ఈ రోజు పుంగనూరులో ఒక టీ తాగాను. దాని సంగతి మీకు చెప్పకపోతే రాత్రికి అన్నం దిగేలా లేదు.

మదనపల్లెలో మా ఇంటి అటక మీద పూలు వేసిన పింగాణీ కప్పు, సాసరు దొరికాయి. ఎనభై ఏళ్ల కిందట మా తాతకు ఎవరో దొరసాని ఇచ్చిందట. పుంగనూరులో పాత సామాన్లు కొనే ఖాదర్ భాయ్‌కి చూపిద్దామని తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి గులాబీలు చూశాడు.

"చేత్తో ఏసిందేనమ్మా. ఏ రెండు పూలూ ఒకటిగా లేవు."

నేను పొంగిపోయేలోపే కప్పు తిప్పాడు.

"కానీ అంచు బంగారం సూడు, రవ్వంత కూడా అరగలేదు. అన్నేండ్ల కప్పు ఇట్లుంటాదా? కొత్తదే."

నా మొహం మాడిపోయింది. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అంచు అరగలేదు కాబట్టి కొత్తదే అంటున్నాడని చెప్పాను.

"అది యాడ అరుగుతాది పాపా? పింగాణీలో ఎముకల పొడి కలుపుతారని మీ అవ్వ దాన్ని ముట్టనే లేదు. తాతనూ తాగనీలేదు. తెచ్చిన రోజే అటకెక్కించింది!"

ఖాదర్ భాయ్ పగలబడి నవ్వాడు.

"అట్ల సెప్పు! పని పాతదే, అరుగుదల లేదనే అనుమానపడితి. మీ అవ్వ మడే దీనికి సర్టిఫికెట్!"

కప్పు కడిగి, తన ఫ్లాస్కులోని టీ అందులోనే పోసిచ్చాడు. ఆ కప్పు పుట్టాక అదే తొలి టీ!

మీ అటకల మీద ఎవరి మడి ఏం కాపాడిందో కింద రాయండి. నేను మాత్రం తాత వంతు రెండో కప్పు కూడా తాగేసే వచ్చాను.