సిలికాన్‌లో కలబెరకె, నా నోట్లో శని

నిన్న చింతామణిలో చేతికొచ్చే ఉద్యోగాన్ని నోటితో ఎట్ల పోగొట్టుకున్యానో వినండే. టీ తాగతా నవ్వద్దండి, ముక్కులోకి పోతాది!

పీయూ కాలేజీలో, అంటే మా కన్నడ పక్క ఇంటరు కాలేజీలో, ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు డెమో క్లాసు. రెండేళ్ళుగా ఇంట్లోనే ఉండాను, ఈ పోస్టూ రాకుంటే మా అత్త నోటికి నేనే బలి. వెనక బెంచీలో కాలేజీ ప్రెసిడెంటు, ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. ఎలక్ట్రాన్లు కరెంటు సామాన్ల అంగట్లో దొరుకుతాయనుకునే మొగం! పిల్లోళ్ళా, సగంమంది ఆవలిస్తాండారు.

టాపిక్కు సెమీకండక్టర్లు. "డోపింగ్" అన్నా. ఒక్కడన్నా కదిలితే ఒట్టు. ఈ మొద్దులకు ఇంగ్లీషు యాడ ఎక్కుతాదిలే అని, బోర్డు మీద కన్నడలో ఇంత లావున రాసినా: కలబెరకె. అంటే కల్తీ! పుస్తకంలో ఆ మాట లేదు, అంతా నా సొంత తెలివి.

"అచ్చమైన సిలికాన్‌లో కరెంటు సరిగ్గా పారదు. కోటి పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు కలిపితే చాలు. దాని ఐదు ఎలక్ట్రాన్లలో నాలుగు పక్క పరమాణువులతో చేతులు కలుపుతాయి, ఐదోది ఊరికే తిరుగుతాది. అదే కరెంటు మోస్తాది," అన్నా. అందరూ నిటారుగా కూర్చున్యారు. నాకు కొమ్ములొచ్చినాయి.

"మన పాల డైరీవాళ్ళ కలబెరకె మాదిరి కాదప్పా, వాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తారు!"

క్లాసంతా గొల్లుమనింది. బెంచీలు కొడతాండారు. నేను ఆగితే గదా! "ఆ పాలు మోటారు పెట్టి తోడుకోవాల!" అన్నా. నవ్వనిది ప్రెసిడెంటు ఒక్కడే. పాపం, ఈయనకు జోకు కూడా అర్థం కాదే అని జాలిపడినా, చూడండి!

బయటికి వస్తానే ఆఫీసు క్లర్కమ్మ చెయ్యి పట్టుకునింది. "ఎంత పని చేస్తివమ్మా! బట్లహళ్ళి దారిలో ఉండే పాల డైరీ ఆయనదే గదా!"

అంతలో ప్రెసిడెంటు లోపలికి పిలిచినాడు. "సార్, అది ఊరికే ఉదాహరణకు..." అని నసిగినా.

"బాగా చెప్పినావమ్మా," అన్నాడు, మొగంలో నవ్వు లేదు. "కోటిలో ఒకటి కలిపినా కనిపెట్టే మనిషివి, నీకు కాలేజీ ఎందుకు? సోమవారం మా డైరీకి రా. పాలు టెస్టు చేసేదానికి మనిషి లేడు."

ఎగతాళేమో అనుకున్యా. నిజమేనంట! ఇంటికొచ్చి చెప్తే అత్త మొగం వెలిగిపోయింది. "మంచిదే గదా, వచ్చేటప్పుడు లీటరు తీసుకురా," అనింది.

పోతాండానే, ఏం చేసేది! ఫిజిక్స్ మేడమ్ అనిపించుకుందామని పోయి పాలమ్మ అనిపించుకొని వచ్చిన మొగం నాదే!