దిది ఫొటోకు తెల్లదండ

"ముందు ఆ ఏడుపు మొహం తుడుచుకోవే. నేను పోలేదు. పోయే తీరికా లేదు."

టాలీగంజ్ స్టూడియో మేకప్ గదిలో, అద్దంలోంచే అంది హైమంతీ సోమ్. నివాళి రాసుకు రమ్మని పత్రికవాళ్ళు పంపిన ఝినుక్, చేతిలో రజనీగంధల గుత్తితో గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

అందరూ దిది, అంటే అక్క, అని పిలిచే హైమంతికి నిన్న సినిమా జీవితకాల పురస్కారం ప్రకటించారు. స్టూడియోవాళ్ళు సంతోషం పట్టలేక గేటుకు ఆమె నిలువెత్తు ఫొటో కట్టి, రజనీగంధల దండ వేశారు. ట్రాములో పోయేవాళ్ళు చూశారు. ఫొటోకు తెల్లదండ కనబడితే కలకత్తాలో ఇంకేమనుకుంటారు?

"ఎవరు వేశారు దిదీ?"

"మన క్యాంటీన్ బొంకూ. నా మెడలో వెయ్యక ఫొటోకెందుకురా వెధవా అంటే, 'మీరు ఒంగరు కదా దిదీ' అంటాడు!"

అదీ నిజమే. బెంగాల్‌లోనే ఉన్న కృష్ణనగర్ నుంచి జాత్రా అనే వీధినాటకాలాడుతూ వచ్చిన పిల్లను, హీరోకన్నా పొడుగని సినిమావాళ్ళు గుంట తవ్వి అందులో నిలబెట్టారు. ఒక్కరోజు నిలబడింది. మర్నాడు పొద్దున్నే వచ్చి తనే గుంట పూడ్చేసింది. వేషాలు పోయాయి. కొన్నేళ్ళకు తనే దర్శకురాలై, అదే హీరోను పీటెక్కించి తన పక్కన నిలబెట్టుకుంది. మొదటి అవార్డు ఆ సినిమాకే వచ్చింది.

ఈవేళ తీయాల్సింది డెబ్బై ఏళ్ళ విధవరాలి పెళ్ళి సీను. పెళ్ళికూతురు తనే. "ముసలమ్మ పెళ్ళి ఎవడు చూస్తాడు?" అంటూ నిర్మాత పొద్దున్నే తప్పుకున్నాడు. పెళ్ళిజనంగా వచ్చిన జూనియర్ ఆర్టిస్టులను ఇంటికి పంపేశాడు. కెమెరావాళ్ళు మాత్రం దిదిని వదిలి కదల్లేదు. సాయంత్రం సెట్టు పీకేస్తారు. ఈలోగా తీయకపోతే ఆ సినిమా ఇక లేనట్టే.

"మరి ఆపేస్తారా?"

"అవార్డు చేతిలో పెట్టి ఇంట్లో కూర్చోమంటే కూర్చోవడానికి నేనేమన్నా అలమరలో బొమ్మనా?" నుదుట చందనం చుక్కలు దిద్దుకుంటూనే అంది. "బయట ఎంతమందున్నారే?"

"రోడ్డంతా నిండిపోయింది దిదీ. అందరి చేతుల్లోనూ పూలే."

దిది చెయ్యి ఆగింది. లేచి కిటికీ తెర పక్కకు లాగింది. తెల్ల పంజాబీ లాల్చీలు, తెల్ల చీరలు, కట్టలకొద్దీ రజనీగంధలు. అద్దం ముందున్న పెళ్ళికూతురి బెండు కిరీటం తీసి తలకు పెట్టుకుంది.

"పెళ్ళికైనా చావుకైనా మనకు ఆ పూలేగా! పరుగెత్తు. ఎవర్నీ వెళ్ళనివ్వకు. తెల్ల లాల్చీలవాళ్ళు మగపెళ్ళివారు. నాలుకాడిస్తూ పెళ్ళి ఉలూలు పెట్టడం వచ్చిన ఆడవాళ్ళను ముందుకు తోలుకురా. పూలు పారెయ్యొద్దను, కళ్ళు మాత్రం తుడుచుకు రమ్మను. నా పెళ్ళిలో ఎవరూ ఏడవకూడదు."