యాదన్న ఎడమ చెయ్యి

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో కింద చాయ్ తాగుతుంటే వదిన ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ అన్న లేస్తలేడు. ఎంత పిలిచినా లేస్తలేడు."

నాకు అర్థం కాలేదు. మొన్న మధ్యాహ్నమే కదా, ఇద్దరం కలిసి రామంతాపూర్‌లో ఎంగేజ్‌మెంట్ షూట్ చేసి వచ్చాం!

బైక్ తీసుకుని నాచారం పోయేసరికి ఇంటి ముందు చెప్పులే చెప్పులు. డాక్టర్ అప్పటికే చూసి వెళ్లిపోయాడు. హార్ట్ ఎటాక్ అన్నాడట.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. యాదన్నది నాచారంలో చిన్న ఫోటో స్టూడియో. యాభై రెండేళ్లు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి. పదకొండేళ్లుగా ఏ పెళ్లికి పోయినా మండపానికి ఆయన ఒక పక్క, నేను ఒక పక్క.

నిన్నటి నుంచి ఆయన ఫోటో కింద అందరూ దీపం బొమ్మలు పెడుతున్నారు. లెజెండ్ అంట. గ్రేట్ సోల్ అంట.

నాకు ఒళ్లు మండిపోతోంది.

రెండు నెలల కింద అన్న ఎడమ చెయ్యి నొప్పి అన్నాడు. భుజం నుంచి మోచేతి దాకా గుంజుతోందని.

ఫోటోలు తీసేవాళ్లకు ఎడమ చెయ్యి అంటే లెన్స్ మోసే చెయ్యి. అన్న దగ్గర ఉన్నది సెవెంటీ టూ హండ్రెడ్ జూమ్ లెన్స్, పాత వెర్షన్. మండపం కింద దూరంగా నిలబడి కూడా పెళ్లికూతురి కళ్లలో తడి పట్టే లెన్స్. కానీ బండ బరువు.

ఇంకేం, మాకు డౌటే రాలేదు. నొప్పి లెన్స్ వల్లే. కొత్త వెర్షన్ తేలిక, అది కొంటే పోతుంది.

అన్నకే మనసొప్పలేదు.

"కొత్తది మొహం మీద ఒక్కొక్క గుంతను లెక్కబెడ్తది రా. పాతది జర మర్యాదగ సూస్తది" అనేవాడు.

నిజమే. ఒకసారి నాచారంలో చర్చి పెళ్లి చేశాం. పెళ్లికూతురు నల్లని పిల్ల, తెల్లని గౌను. ఆ లైట్లలో తీస్తే ఎవరైనా మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి ఇస్తారు. అన్న ఆ పాత లెన్స్‌తో తీసి, రంగు ముట్టుకోకుండా ఆల్బమ్ ఇచ్చాడు. వాళ్లమ్మ మూడో పేజీలోనే ఆగిపోయింది. "నా బిడ్డ నా బిడ్డ లెక్కనే ఉంది సార్" అని ఏడ్చింది.

అలాంటి లెన్స్‌ను వదులుకోమని వెంటపడ్డాను నేను.

కొత్తది ఒక రోజు రెంట్‌కు తెచ్చాను. రెండింటినీ పట్టుకుని స్టూడియో కింద కిరాణా షాపుకు పోయాం. ఉల్లిగడ్డలు దించి, కాంటా మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తూచాం. దాదాపు అర కిలో తేడా. షాపు ఆంటీ ఒకటే నవ్వు. "పావు కిలో చక్కెర గూడ కట్టాల్నా?" అంది. అన్న కూడా నవ్వాడు, కుడి చేత్తో ఎడమ భుజం పిసుక్కుంటూనే.

నేను చూశాను. చూసి కూడా కాంటా మీద నంబరే చదివాను.

తర్వాత మన ఫోటోగ్రాఫర్ల గ్రూప్‌లో పోల్ పెట్టాను. పాతదా, కొత్తదా? యాదన్నకు ఎడమ చెయ్యి నొప్పి, సలహా ఇవ్వండి అని పైన రాశాను కూడా.

వంద మందికి పైగా ఉన్న గ్రూప్. మూడు రోజులు కొట్టుకు చచ్చారు. షార్ప్‌నెస్ అని ఒకడు. ఫోకస్ స్పీడ్ అని ఒకడు. మూలల్లో కొంచెం మసకగా వస్తోందని ఫోటోను పెద్దది చేసి, ఎర్ర గీత గీసి పెట్టాడు ఇంకొకడు.

అరే, యాభై దాటిన మనిషికి ఎడమ చెయ్యి నొప్పి అంటే ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి గుండె గుర్తు రాలేదా?

మీకెందుకు వస్తుందిలే. నాకే రాలేదు.

కీసర గుట్ట మీద ప్రీ వెడ్డింగ్ షూట్ రోజు మెట్ల మీద రెండుసార్లు కూర్చున్నాడు. ఎండ కూడా లేదు, చొక్కా మొత్తం తడిసిపోయింది. నేను బ్యాగ్ నా భుజానికి వేసుకుని ఏమన్నానో తెలుసా?

"సూసినవా అన్నా, గందుకే కొత్తది తీస్కో అంటున్న."

పెద్ద తెలివైనవాణ్ని!

వదిన మాత్రం దవాఖానాకు పోదామని రెండు మూడు సార్లు అందట. "లెన్స్ మారుస్తున్న గదనే, ఇంకేం ఫికర్?" అన్నాడట అన్న. నిన్న ఆమె ఆ మాట చెప్తుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఆ ధైర్యం ఆయనకు ఇచ్చింది నేనే.

నీ మీద కూడా కోపమే అన్నా. పెళ్లిలో ఒక్క లైట్ తేడా వస్తే కనిపెట్టేవాడివి, నీ ఒంట్లో ఏమవుతోందో చూసుకోవా?

చివరికి పాతది అమ్మేశాడు. కొత్తది వచ్చింది. నాలుగు రోజుల కింద నాకు మెసేజ్ పెట్టాడు.

"కొత్తది గూడ చెయ్యి గుంజుతుంది రా."

నేను రెండు నవ్వే బొమ్మలు పెట్టి, "అలవాటైతది అన్నా" అన్నాను.

అంతే. అదే నేను చేసింది.

ఈ పోస్ట్ కింద దీపాలు పెట్టొద్దు. లెజెండ్ అని రాయొద్దు. మీలో ఎవరికైనా ఎడమ చెయ్యి గుంజుతుంటే కెమెరా పక్కన పెట్టి, ఈ రోజే పోయి ఈసీజీ తీయించుకోండి. లెన్స్ సంగతి తర్వాత కొట్టుకుందాం.

యాదన్నా, నన్ను మాఫ్ చెయ్యకు.

ఇగ చెయ్యి దించు అన్నా. ఏ నొప్పీ లేకుండా, హాయిగా పడుకో.